సగం డోసు

పోయిన వారం కథలో సుస్మితని కాకినాడ నుంచి అమలాపురం వచ్చే బస్సులో, కిటికీ పక్క సీట్లో వదిలేశాం. ఇంటర్ పేపర్లు దిద్దడానికి వెళుతున్నానని ఇంట్లో చెప్పి, నిజానికి కడుపు డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తోంది. రెండేళ్ళ క్రితం బరువు తగ్గడానికి హైదరాబాదులో పొట్ట ఆపరేషను చేయించుకున్న సంగతి ఆ డాక్టరుకి చెప్పింది. అమలాపురంలో మాత్రం ఆ సంగతి తనకీ, మొగుడు సాల్మన్‌కీ, అత్తగారు మార్తమ్మకీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. డాక్టరు గొంతులోంచి గొట్టం వేసి చూశాడు. ఆపరేషనులో మిగిల్చిన చిన్న సంచీ అంచున పుండు పడిందన్నాడు. నొప్పి వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు వేస్తున్న నొప్పుల సూదే ఆ పుండుని పెంచుతోందనీ, ఇంకా వేయించుకుంటే ఏదో ఒక రోజు అక్కడ చిల్లు పడుతుందనీ చెప్పాడు. “ఇలాంటి సూదులు జన్మలో వాడకూడదని ఆపరేషను చేసినవాళ్ళు చెప్పకుండా ఉండరమ్మా. మీకు చెప్పకపోతే మీ వాళ్ళకి చెప్పి ఉంటారు” అన్నాడు చివరికి. ఎదుర్లంక వంతెన మీద బస్సు గోదావరి దాటుతున్నంతసేపూ సుస్మిత ఆ మాటే నములుతూ కూర్చుంది.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. ఇంటినిండా చుట్టాలు. మర్నాడు ఇంటి ముందే కృతజ్ఞత కూడిక, దేవుడికి వందనాలు చెప్పే ప్రార్థన. అడగవలసిన మాట అడగడానికి చోటు దొరకలేదు.

తెల్లవారేసరికి ఇంటి ముందు షామియానా లేచింది. గేటు పక్కన మనిషెత్తు ఫ్లెక్సీ కట్టారు. అందులో సుస్మితలు ఇద్దరు. ఎడమ పక్కన ఎవరి పెళ్ళిలోనో భోజనాల దగ్గర తీసిన ఫొటో. ఆకుపచ్చ పట్టుచీర, చేతిలో పళ్ళెం, నమలడం మధ్యలో ఆగిపోయిన నోరు. కుడి పక్కన మొన్నమొన్న కాలేజీ గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నది. బుగ్గలు లోపలికి పోయి, మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. రెండింటి మధ్యా ఎర్రని బాణం గుర్తు. కింద ‘ఉపవాస ప్రార్థన చేసిన అద్భుతం, అందరూ ఆహ్వానితులే’ అని పెద్ద అక్షరాలు. ఎరువుల కొట్లో మందు కొట్టక ముందు, కొట్టిన తరువాత అని వరిదుబ్బుల బొమ్మలు అంటిస్తారే, అచ్చం అలాగే ఉందనుకుంది సుస్మిత. ఆ వరిదుబ్బుని కూడా ఎవరూ అడిగి ఉండరు.

ఈ ఊరి మనుషుల మీద సుస్మితకి ఏనాడూ పెద్ద గౌరవం లేదు. లావుగా ఉన్న రోజుల్లో ఆటోవాడు “మేడమ్ గారు వెనకాల ఒక్కరే కూర్చుంటారండీ, మీరు ముందుకొచ్చేయండి” అని మిగతా వాళ్ళకి అతి మర్యాదగా చెప్పేవాడు. స్టాఫ్ రూములో ఆవిడ కూర్చోబోతుంటే అందరి చూపూ ఒకసారి కుర్చీ కాళ్ళ మీదికి పోయేది. తగ్గాక అవే నోళ్ళు, ఏంటండీ అలా పీక్కుపోయేరు, షుగరేమో చూపించుకోండి అన్నాయి. లావైతే తిండిపోతు, చిక్కితే రోగిష్టి. మధ్యలో ఒక పూటైనా ఊరికే మనిషిగా ఉండనివ్వలేదు. కోనసీమ మర్యాద అని గొప్పగా చెప్పుకునేది ఎదుటివాళ్ళ పళ్ళెంలోకీ ఒంట్లోకీ తొంగిచూడడానికి పెట్టుకున్న ముద్దుపేరని ఆవిడ ఏనాడో తేల్చుకుంది. అండీ, గారూ తగిలిస్తే ఎంత మాటైనా అనేయొచ్చు ఇక్కడ.

ఇక అద్భుతం సంగతి. ఆపరేషను వేసవి సెలవుల్లో జరిగింది. పొట్ట కోయించుకుందని తెలిస్తే నవ్విపోతారని సాల్మన్ భయం. తిని తిని పెంచుకుని, లక్షలు పోసి కోయించుకుందంటారన్నాడు. సాల్మన్ కలెక్టరేట్లో సీనియర్ అసిస్టెంటు. పదిమందిలో తలెత్తుకుని తిరగడం తప్ప అతనికి ఆ ఉద్యోగంలో వేరే సుఖం లేదు. అందుకని హైదరాబాదులో ఉపవాస కూటాలకి వెళ్ళామని చెప్పించాడు. అప్పటికి అది చిన్న అబద్ధమే. తిరిగి వచ్చాక సుస్మిత నాలుగు చెంచాల జావ తాగి గ్లాసు పక్కన పెట్టేస్తుంటే చూసినవాళ్ళు, పాపం ఇంకా ఉపవాసంలోనే ఉందనుకున్నారు. ఒక శుక్రవారం స్త్రీల సమాజంలో మార్తమ్మ లేచి, మా కోడలు నలభై రోజుల ఉపవాసం పట్టిందనీ, తాను పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాననీ సాక్ష్యం చెప్పింది. చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లే కొంప ముంచాయి.

ఆ రోజు నుంచీ మార్తమ్మ ప్రార్థనకి గిరాకీ పెరిగింది. పిల్లలు లేనివాళ్ళు, కువైట్ వీసా రానివాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు గేటు తీసుకుని వచ్చేసేవారు. ఆవిడ వాళ్ళ తలమీద చెయ్యి పెట్టి, నలభై రోజులు పట్టండి, మా కోడల్ని చూసేరుగా అనేది. ఆ కోడలు అదే సమయానికి వంటింటి గోడకి ఆనుకుని, ఎడమ పక్కటెముకల కింద పిడికిలి అదుముకుంటూ ఉండేది.

అలా వచ్చినవాళ్ళలో జెస్సీ ఒకతె. వార్డు సచివాలయంలో ఉద్యోగం, ముప్పై లోపు వయసు, సుస్మిత ఒకప్పుడున్నంత లావు. ఆ వయసుకే పూటపూటా షుగరు సూది వేసుకోవాలి. ఆ పిల్ల ఒకరోజు గుమ్మంలో నిలబడి, “అక్కయ్యగారూ, మొదటి వారం ఆకలికి ఎలా ఆగేరండీ?” అని అడిగింది. సుస్మిత ఆ అమ్మాయి ముఖం కూడా సరిగ్గా చూడలేదు. ప్రార్థన అని ఒక్క మాట పడేసి తలుపు వేసుకుంది. ఇలాంటివి నమ్మేవాళ్ళకి అంతకంటే చెప్పేదేముందనుకుంది.

నొప్పి ఆపరేషనైన ఆరేడు నెలలకి మొదలైంది. ఇడ్లీ ముక్క కాస్త పెద్దది దిగినా, తింటూ నీళ్ళు తాగినా, తీపి తగిలినా పక్కటెముకల కింద పట్టుకునేది. అక్కణ్ణుంచి వెన్నులోకి పాకేది. కొన్ని రోజులు ఏమీ తినకుండానే వచ్చేది. క్లాసులో వస్తే బోర్డు వైపు తిరిగి, అది దాటేదాకా బొమ్మ గీస్తున్నట్టు నటించేది. జువాలజీ లెక్చరరు కదా, గీసే బొమ్మ కూడా జీర్ణవ్యవస్థే. అన్నవాహిక, జీర్ణాశయం, ఆంత్రమూలం అని పిల్లల చేత వల్లె వేయించే మనిషి, తన ఒంట్లోకి ఏ మందు పోతోందో ఒక్కసారైనా ఆ సీసా తిప్పి చూడలేదు. నొప్పి తగ్గితే చాలనుకుంది. ఊరిని తిట్టిన తిట్లలో సగం తనకే చెందుతాయని కాకినాడ బస్సులో తెలిసొచ్చింది.

సూది వేసే ఇశ్రాయేలు గారు చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు కాంపౌండరుగా చేసి, తరువాత సొంతంగా సంచీ పట్టుకున్నాడు. చర్చి సంఘంలో ఎవరింట్లో మూలుగు వినపడినా పిలవకుండానే వస్తాడు. ఆయన పుస్తకంలో రోగాలు వెయ్యి, మందు ఒక్కటే. సుస్మితకి ఆపరేషను జరిగిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. పొట్టమీది చిన్న మచ్చలు ఆయన కంటపడే అవసరమూ రాలేదు. సూది భుజానికే కదా.

కూడిక రోజు పొద్దున్న సుస్మిత స్నానాల గదిలో తలుపు వేసుకుని, కాకినాడ డాక్టరిచ్చిన తెల్లని సిరప్పు మూతతో కొలిచి తాగింది. తిండికి ముందు ఇది, పొద్దున్నే మాత్ర, కొంచెం కొంచెంగా తిండి, నొప్పికి పారాసిటమాల్ తప్ప మరేదీ వద్దన్నాడాయన. పుండు మానడానికి నెలలు పడుతుందన్నాడు. మానినా నొప్పి పూర్తిగా పోతుందని మాటివ్వను, దాన్ని మీ చెప్పుచేతల్లో పెట్టుకోవడం నేర్పుతానన్నాడు. ఈ రెండేళ్ళలో ఆవిడతో సూటిగా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. సీసాని తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టి, మొగుడున్న గదిలోకి వెళ్ళింది.

సాల్మన్ అద్దం ముందు నిలబడి గంజి పెట్టిన తెల్ల చొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నాడు. కూడిక అయ్యాక సంఘ కార్యదర్శిగా అతని పేరు ప్రకటిస్తారు. సుస్మిత తలుపు దగ్గరగా వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.

“హైదరాబాదులో ఇంటికి పంపించే రోజున డాక్టరు గారు మీతో ఏం చెప్పేరండీ?” అని అడిగింది.

ఎన్నో చెప్పారనీ, ఇప్పుడవన్నీ ఎవరికి గుర్తుంటాయనీ అన్నాడు. నొప్పుల సూదుల గురించి ఏం చెప్పారని మళ్ళీ అడిగింది. అతని వేళ్ళు గుండీ మీద ఆగిపోయాయి. సుస్మితకి జవాబు అక్కడే దొరికింది. అయినా అతని నోటితో వినాలనిపించి, కాకినాడ వెళ్ళిన సంగతీ పుండు సంగతీ చెప్పి ఊరుకుంది.

సాల్మన్ మొదట కోప్పడ్డాడు. చెప్పకుండా ఎలా వెళ్ళావన్నాడు. ఆ ఆసుపత్రిలో మనవాళ్ళెవరైనా చూశారా అన్నాడు. పెళ్ళాం కడుపులో పుండుందంటే అతనికి వచ్చిన మొదటి అనుమానం అది. తరువాత నాకేం గుర్తులేదన్నాడు. ఆ తరువాత చెప్పారేమో అన్నాడు. చివరికి మంచం అంచున కూలబడి, చెప్పారు, ఆ సూదులు వేస్తే లోపల పుండు పడుతుందని వరండాలో పక్కకి పిలిచి మరీ చెప్పారని ఒప్పుకున్నాడు.

“మరి ఇశ్రాయేలు గారితో ఎందుకు చెప్పలేదండీ?”

“వద్దంటే ఎందుకు వద్దని అడుగుతాడు. ఎందుకో చెబితే సాయంత్రానికి అంతర్వేది దాకా తెలిసిపోద్ది. ఒకటీ అరా వేస్తే ఏం కాదనుకున్నాను సుస్మీ. నేను కూడా ఊరికే లేను. ఆయన సూది వేస్తున్నంతసేపూ గుమ్మంలో నిలబడి, నీకేమీ కాకూడదని ప్రార్థన చేసుకునేవాణ్ణి.”

సుస్మితకి అది గుర్తొచ్చింది. నిజమే, ప్రతిసారీ గుమ్మంలో నిలబడేవాడు. పెదవులు కదుపుతూ, కళ్ళు మూసుకుని. తన బాధ చూడలేక అలా ఉన్నాడనుకుని, నొప్పిలో కూడా అతని మీద జాలిపడేది. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా కంపరమెత్తింది. కోపం వస్తుందనుకుంది గానీ రాలేదు. కోపం రావడానికి ఎదురుగా ఓ మనిషైనా ఉండాలి కదా. అసహ్యం వేసింది, అంతే.

“నన్ను చంపాలని మీకు లేదు, నాకు తెలుసు” అంది. “చంపాలన్నా కాస్త పట్టుదల కావాలండీ. అది కూడా మీకు లేదు.”

సాల్మన్ ఆ మాటకి బాధపడలేదు, తలుపు వైపు చూశాడు. ఎవరైనా విన్నారేమోనని. తరువాత బతిమాలడం మొదలుపెట్టాడు. ఈ ఒక్క పూట గడవనిమ్మన్నాడు. పాస్టరు గారు వచ్చేస్తున్నారనీ, ఫ్లెక్సీ కట్టేశామనీ, పేరు ప్రకటించాక నెమ్మదిగా ఏదో ఒకటి చూద్దామనీ అన్నాడు. సుస్మిత అతను చెప్పిందంతా విని, తను చెప్పదలుచుకున్నది చెప్పింది. లేచి నిలబడమంటే నిలబడతాను, దేవుడికి వందనం చెప్పి కూర్చుంటాను, నలభై రోజుల ముచ్చట మాత్రం నా నోటితో చెప్పనంది.

“ఇంకొకటి. ఇవాళ్టి నుంచి ఆ సూది నా ఒంటి దగ్గరికొస్తే ఆపాల్సింది మీరు. నేను చెయ్యి లాక్కోను. ఎందుకు వద్దో మీ నోటితో చెప్పి ఆపండి.”

“ఆపుతాను” అన్నాడు సాల్మన్ వెంటనే. మాటివ్వడంలో అతనెప్పుడూ ఆలస్యం చేయడు.

సుస్మిత తలుపు తీసేసరికి గుమ్మం పక్కన నేలమీద స్టీలు గ్లాసులో రాగిజావ ఉంది. చల్లారిపోయి పైన తొరక కట్టింది. పనిమనిషి పెట్టి మరిచిపోయి ఉంటుందనుకుని, గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసింది.

పదకొండింటికల్లా షామియానా నిండిపోయింది. ముందు వరుసలో మార్తమ్మ తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని కూర్చుంది. మామూలుగా అయితే వచ్చినవాళ్ళందర్నీ పేరుపేరునా పలకరించే మనిషి, ఇవాళ తల ఎత్తలేదు. ప్రార్థనలో ఉందనుకుని అందరూ ఇంకాస్త గౌరవంగా పక్కనుంచి తప్పుకుని వెళ్ళారు. ముసలావిడ నటన రోజురోజుకీ పదునెక్కుతోందనుకుంది సుస్మిత. చిన్న అబద్ధాన్ని ఇంత అద్భుతం చేసిన మనిషని, ఊరందరి మీద కంటే అత్తగారి మీదే సుస్మితకి ఎక్కువ కసి. ఆవిడకి చెప్పవలసిన మాటలు రెండేళ్ళుగా మనసులో పేర్చి పెట్టుకుంది, సమయం రావాలంతే.

ఇంతలో పాస్టరమ్మగారు ఆత్రేయపురం పూతరేకుల పళ్ళెం పట్టుకుని నేరుగా సుస్మిత దగ్గరికే వచ్చింది. కృతజ్ఞత రోజున కూడా ఉపవాసమేంటమ్మా అంటూ, ఒక పూతరేకు తుంచి నోటి దగ్గర పెట్టింది. నెయ్యి కారుతోంది. చుట్టూ ఆడవాళ్ళు మురిపెంగా చూస్తున్నారు. వద్దండీ అంటే మొహమాటమంటారు, గట్టిగా వద్దంటే పొగరంటారు. చేతిలో పెట్టండి తరువాత తింటానంటే, అబ్బెబ్బే, మా ఎదురుగా తినాల్సిందేనన్నారు. ఇంత ప్రేమగా మనిషి ప్రాణం మీదికి తేవడం ఇంకెక్కడా చూడం. సుస్మిత నోరు తెరిచింది. బెల్లం, నెయ్యి, బియ్యప్పొర నాలుక మీద కరిగి లోపలికి జారిపోయాయి. చాలా బావుంది. ఆ బావుండడమే ఏడుపొచ్చేలా చేసింది.

పాస్టరు గారు ఉపవాసం మీద వాక్యం అందుకున్నాడు. కాసేపటికి సుస్మితకి అరచేతుల్లో చెమట పట్టింది. గుండె దడదడలాడింది. ఇది తెలిసిందే, తీపి తగిలితే ముందు దడ వస్తుంది, వెనకాల నొప్పి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు ఊపిరి నెమ్మదిగా వదులుతూ, చూపు షామియానా గుంజ మీద నిలిపింది. నొప్పి వచ్చింది. ఈసారి పిడికిలికి లొంగే నొప్పి కాదు.

“ఇప్పుడు మన సహోదరి సాక్ష్యం చెబుతారు” అని సాల్మన్ మైకులో పిలిచాడు. సుస్మిత లేచి నాలుగడుగులు వేసి, మైకు అందుకోబోయి, అలాగే నడుం దగ్గర మడతపడిపోయింది. ఆనందంతో వంగిందనుకున్నారో ఏమో, ముందు వరుసలో ఒకాయన హల్లెలూయా అన్నాడు. వెనక నుంచి ఇంకో నలుగురు అందుకున్నారు. మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే చప్పట్లు కొట్టిన ఘనత మా అమలాపురానికే దక్కాలి.

ఇశ్రాయేలు గారికి మాత్రం అర్థమైంది. సంచీతో ముందుకొచ్చి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు. “ఆయ్, భయపడకండమ్మా, మామూలు నొప్పే. ఒక్క సూదికి సర్దుకుపోద్ది” అంటూ సీసా విరిచి మందు ఎక్కించాడు. స్పిరిట్ దూది వాసన గుప్పుమంది.

సుస్మిత జాకెట్టు చెయ్యి పైకి మడిచి, భుజం ఆయన ముందు పెట్టింది. తలెత్తి మొగుడి వంక చూసింది.

“ఏవండీ, వేయించుకోమంటారా?”

మాట మామూలుగానే అంది. కూడికలో వాళ్ళందరికీ అది మొగుణ్ణి అడిగి గాని సూది కూడా వేయించుకోని ఇల్లాలి వినయంలా వినపడింది. సాల్మన్‌కి ఎలా వినపడాలో అలాగే వినపడింది. అతని చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. అతను గుటక వేసిన చప్పుడు సౌండు బాక్సులోంచి వీధి దాకా పోయింది. పాస్టరు గారి వంక చూశాడు. పెద్దల వంక చూశాడు. గేటు దగ్గర ఫ్లెక్సీ వంక చూశాడు. సూది వంక ఒక్కసారి కూడా చూడలేదు.

“సగం డోసు వెయ్యండి, ఇశ్రాయేలు గారూ” అన్నాడు.

సగం డోసు. పెళ్ళాం ప్రాణానికీ తన పదవికీ మధ్య సాల్మన్ కుదిర్చిన రాజీ అది. ఆఫీసులో ఫైలు అటూ ఇటూ కాకుండా రాయడంలో అతనికి మంచి పేరుంది. ఇంట్లో కూడా అదే పనితనం చూపించాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి గురించి తెలుసుకోవలసినదేమైనా మిగిలి ఉంటే, అది కూడా సుస్మితకి ఈ ఒక్క మాటతో తెలిసిపోయింది.

అయినా చెయ్యి లాక్కోలేదు. జువాలజీ చదివిన మనిషి చేయవలసిన పని కాదది. పుండెక్కడుందో, చిల్లు పడితే ఏమవుతుందో బొమ్మ గీసి చూపించగలదు. కానీ అన్న మాట మీద నిలబడే మనిషి ఈ ఇంట్లో ఒక్కరైనా ఉండాలన్న పంతం పట్టుకుంది ఆవిణ్ణి. అది పిచ్చి పంతమని తెలిసీ భుజాన్ని అలాగే ఉంచింది. ఇశ్రాయేలు గారు సగం మందు పైకి చిమ్మించి, దూదితో భుజం తుడిచాడు.

“ఆగండి.”

మార్తమ్మ లేచింది. బైబిలు కుర్చీలో పెట్టి, మెల్లగా నడిచి వచ్చి, కోడలి భుజం మీద దూది తుడిచిన చోటే అరచెయ్యి వేసింది. స్వస్థత ప్రార్థన చేయబోతోందనుకుని జనమంతా గబగబా తలలు వంచారు. పాస్టరు గారు కూడా కళ్ళు మూసుకున్నాడు. సుస్మిత పళ్ళు బిగబట్టింది. నొప్పి మీద ఇప్పుడిది కూడా భరించాలి కాబోలనుకుంది.

“ఆ సూది దీనికి పడకూడదండి ఇశ్రాయేలు గారూ” అంది మార్తమ్మ. “ఆపరేషను చేసిన కడుపిది. హైదరాబాదులో కోయించేం. నలభై రోజులూ లేవు, ఉపవాసమూ లేదు. చప్పట్లు కొడుతుంటే బావుందని నేనే చెప్పుకుంటూ పోయేను.”

వంచిన తలలు ఒక్కొక్కటే లేచాయి. మార్తమ్మ కొడుకు వైపు తిరిగింది.

“పొద్దున్న జావ పట్టుకొచ్చి మీ గది గుమ్మంలో నిలబడ్డానురా. అంతా విన్నాను. నువ్వే చెబుతావని ఇప్పటిదాకా చూసేను.”

భుజం మీది చెయ్యి అక్కణ్ణుంచి తీయలేదు. ఇన్నాళ్ళూ అందరి తలల మీదా పెట్టిన చెయ్యే అది. సుస్మిత ఆవిడ కోసం పేర్చి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. నమ్ముకున్నవాడు సగానికి బేరమాడితే, తను చీదరించుకున్న ముసలిది ఉన్న పరువంతా ఊడ్చి ముందు పెట్టింది. ఆ సంగతి మింగుడు పడడం ఆవిడకి నొప్పి కంటే కష్టంగా ఉంది.

సాల్మన్ మైకు కుర్చీలో పడుకోబెట్టాడు. అది కీచుమంది. వెనకాల వంటల దగ్గర ఎవరో బిర్యానీ డేగిసా మూత దించిన చప్పుడు వినపడింది. అప్పుడు ఆడవాళ్ళ కుర్చీల్లో ఆఖరి వరుస నుంచి ఒక మనిషి లేచింది. జెస్సీ. సుస్మిత ఆ పిల్లని మొదటిసారి సరిగ్గా చూసింది. బాగా చిక్కింది. పెదవులు ఎండి పగిలిపోయాయి. ముందున్న కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

“ఆపరేషనాండీ?” అంది.

ముందు వరుసల్లోవాళ్ళు కుర్చీల్లోంచే వెనక్కి తిరిగారు.

“నలభై రోజులు పట్టమన్నారు కదండీ మామ్మగారూ. నమ్మకముంటే మందెందుకన్నారు. నేను షుగరు సూది మానేసేనండి.”

అడిగింది మార్తమ్మని. చూసింది మాత్రం సుస్మిత వంక, ఆ రోజు గుమ్మంలో నిలబడి చూసినట్టే. సుస్మిత పక్కటెముకల మీద నుంచి పిడికిలి తీసి, కుర్చీ చేతులు ఊతంగా పట్టుకుని పైకి లేచింది. ఆ పిల్ల దగ్గరికి చేరాలంటే షామియానా అంతా దాటాలి. జెస్సీ పట్టుకున్న కుర్చీ వీపు వదిలేసి, తూలుతూ, కూర్చుందామని చెయ్యి వెనక్కి చాపింది. కుర్చీ అందలేదు.